ముందు చక్రం వైరు

మెసేజ్ వచ్చినప్పుడు ఉదయశ్రీ బొరుగులు నానబెడుతోంది. పెళ్లయి ఆ రోజుకు నలభై రెండో రోజు. రాజంపేటలో అత్తగారింటికి వచ్చాక మొదటిసారి తన చేత్తో కర్నూలు ఉగ్గాని చేస్తానని ముందు రోజే అందరికీ చెప్పిపెట్టుకుంది. భర్త తేజేశ్వర్ వంటింట్లోకి పరిగెత్తుకొచ్చి ఫోను ఆమె ముక్కుకు తగిలేంత దగ్గర పెట్టాడు. 'మీ వాహనం డెలివరీకి సిద్ధంగా ఉంది.' ఆమె రెండుసార్లు చదివింది. మూడోసారి బయటికి చదివింది. ఇద్దరూ కాసేపు ఏమేమో మాట్లాడుకున్నారు. గిన్నె వైపు తిరిగి చూసేసరికి బొరుగులు నీళ్లలో కరిగి ముద్దయిపోయాయి. ఆ ముద్దకే తిరగమోత పెట్టి, పప్పుల పొడి చల్లి వడ్డించింది. కర్నూల్లో ఇట్లనే ఉంటుందేమో అనుకుని మామ గోవిందయ్య మారు పెట్టించుకున్నాడు. అత్త అనసూయమ్మ ఏమీ అనకుండా తిని, చెయ్యి కడుక్కుంటూ మాత్రం నవ్వింది.

ఆ బండి నాలుగు నెలలుగా మాటల రూపంలో ఆ ఇంట్లో తిరుగుతూనే ఉంది. జపాన్ కంపెనీది. చూడటానికి తేజేశ్వర్ పుట్టకముందు వచ్చిన బండిలా ఉంటుంది. గుండ్రటి హెడ్‌లైటు, నీటిబొట్టు ఆకారంలో ట్యాంకు, ఒకే ఒక్క గుండ్రటి మీటరు, ముందు నుంచి వెనక దాకా చదునుగా సాగిన సీటు. లోపలిదంతా కొత్త. నూటయాభై ఐదు సీసీ ఇంజను, దాన్ని చల్లబరచడానికి రేడియేటరు, ఆరు గేర్లు, పద్దెనిమిది గుర్రాల శక్తి, ముందు తలకిందులుగా బిగించిన బంగారు రంగు ఫోర్కులు, రెండు చక్రాలకూ ఏబీఎస్. నిశ్చితార్థం తర్వాత మిగతా జంటలు ఫోన్లో ఏం మాట్లాడుకుంటారో ఉదయశ్రీకి తెలియదు కానీ, వీళ్లిద్దరూ బండి బరువు నూటముప్పై ఏడు కిలోలు ఉండటం మంచిదా కాదా అని మాట్లాడుకున్నారు. ఒకరోజు తేజేశ్వర్ సీటు ఎత్తు ఎనిమిది వందల పది మిల్లీమీటర్లని చెప్పి, నీ ఎత్తెంత అని అడిగాడు. నూటయాభై ఐదు సెంటీమీటర్లు అంది.

"బండీ నూటయాభై ఐదే, నువ్వూ నూటయాభై ఐదే. ఇంక నేను ఆలోచించేది ఏముండాది?" అన్నాడు.

ఆమె బీఎస్సీలో ఫిజిక్స్ చదివింది. ఆ రెండు అంకెలకూ ఏ సంబంధమూ లేదని తెలుసు. అయినా ఆ రోజంతా నవ్వుకుంటూనే ఉంది.

తేజేశ్వర్ మొదటి ఫోన్ ఏసుకుమార్‌కు చేశాడు. రాజంపేటలో ఎవరు కొత్త బండి కొన్నా డెలివరీకి ఏసుకుమార్‌ను వెంటబెట్టుకుని పోతారు. రైల్వే గేటు దగ్గర రేకుల షెడ్డులో ఇరవై రెండేళ్లుగా మెకానిక్కు. పాత టూ స్ట్రోక్ బండ్లను శబ్దం విని బాగుచేస్తాడని పేరు. ఈ మధ్య కడప షోరూం వాళ్లు పది రోజులు శిక్షణ ఇచ్చి, కంప్యూటరు తగిలించి బండిని చదవడం కూడా నేర్పారు. రాజంపేటలో కంపెనీ సర్వీస్ పాయింటు పెట్టాలనుకుంటున్నారు. అది తనకే వస్తుందన్న ఆశతో ఏసుకుమార్ షెడ్డుకు సిమెంటు నేల వేయించాడు, గోడలకు సున్నం కొట్టించాడు, వాకిలి మీద బోర్డు పట్టేంత చోటు ఖాళీగా వదిలాడు. ఊళ్లో ఆ కంపెనీ బండి కొన్న మొదటివాడు తేజేశ్వర్. అతను బాగా చెబితే పని సులువవుతుందని ఏసుకుమార్ రెండుసార్లు అన్నాడు, రెండుసార్లూ నవ్వుతూనే.

అనసూయమ్మ ఒక్కటే చెప్పింది. ఒంటిమిట్టలో పూజ చేయించి వేసిన మాలను దారిలో తీయకూడదు. ఇంటి వాకిట్లో హారతి ఇచ్చాకే తీయాలి. వాళ్ల ఇంట్లో అదే పద్ధతి.

మరునాడు గురువారం. కడప షోరూంలో తేజేశ్వర్ సంతకాలు పెడుతుంటే ఏసుకుమార్ బండి చుట్టూ మెల్లగా ఒక చుట్టు తిరిగాడు. దేన్నీ ముట్టుకోలేదు. రెండో చుట్టుకు కండువా అంచుతో చేతులు తుడుచుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. ట్యాంకు కింద వేలు పోనిచ్చి అతుకు ఎక్కడుందో వెతికాడు. గొలుసును పైకీ కిందికీ కదిపి చూశాడు. ఉదయశ్రీ పక్కనే కూర్చుని అడుగుతూ పోయింది, అతను చెబుతూ పోయాడు.

"పైకి తాత మాదిరి ఉండాది గానీ, లోపల మనవడు పాపా," అన్నాడు. ముందు చక్రం మధ్యలో ఉన్న పళ్ల బిళ్లను చూపించాడు. చక్రం తిరిగేటప్పుడు ఒక చిన్న సెన్సరు ఆ పళ్లను లెక్కపెడుతుందని, అగ్గిపుల్లంత లావున్న ఆ నల్ల వైరు ఆ లెక్కను మెదడుకు చేరవేస్తుందని, గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా ఆపేది ఆ మెదడేనని, ఏబీఎస్ అంటే అదేనని చెప్పాడు. ఆమెకు కాలేజీ ల్యాబ్ గుర్తొచ్చింది. ఇంత చక్కగా చెప్పే మాస్టరు తనకు అక్కడ దొరకలేదు అనుకుంది. షోరూం మేనేజరు వసంతకుమార్ అటుగా వచ్చి ఏసుకుమార్ భుజం తట్టి, వచ్చే నెలలో రాజంపేటలో నీ పేరుతో బోర్డు పడుతుందని అందరి ముందూ అన్నాడు. ఏసుకుమార్ లేచి నిలబడ్డాడు. ఏం చేయాలో తెలియక కండువా మడత పెట్టాడు.

ఒంటిమిట్టలో పూజ పావుగంటలో అయిపోయింది. చక్రాల కింద నిమ్మకాయలు, ట్యాంకు మీద పసుపు కుంకుమ, హెడ్‌లైటు మీదుగా ఒక ఫోర్కు నుంచి రెండో ఫోర్కు దాకా పసుపు చామంతుల మాల. అరటినారతో కట్టిన బరువైన మాల. ఏసుకుమార్ హెల్మెట్లు పట్టుకుని కొంచెం దూరంగా నిలబడి ఉన్నాడు. పూజారి వెళ్లాక దగ్గరికొచ్చి, మాల కొస చక్రానికి దగ్గరగా వేలాడుతోందని, తీసి సంచిలో పెట్టుకోవడం మంచిదని తేజేశ్వర్‌తో అన్నాడు. అమ్మ ఒప్పుకోదన్నాడు తేజేశ్వర్. ఉదయశ్రీ మాల కొసలను పైకి మడిచి హెడ్‌లైటు వెనక దోపింది. షెడ్డు దగ్గర ఎవరో కాచుకుని ఉన్నారని ఏసుకుమార్ తన పాత బండి మీద ముందు వెళ్లిపోయాడు.

నందలూరు వంతెన దాటాక తేజేశ్వర్‌కు ఫోను వచ్చింది. బండి పక్కకు ఆపి, నీడ కోసం పదడుగుల అవతలికి నడిచాడు. ఉదయశ్రీ దిగి బండిని ముందు నుంచి ఫొటో తీద్దామని వంగింది. దోపిన కొస ఎప్పుడో జారిపోయింది. సగం మాల ముందు చక్రంలోకి పోయి, మధ్యలో బిగుసుకుని ఉంది. ఆమె నార పట్టుకుని లాగింది. రాలేదు. చక్రానికి కాలు ఆనించి గట్టిగా లాగింది. పూలు పిడికిట్లో నలిగాయి, నార తెగింది, దానితో పాటు నల్లగా సన్నగా ఇంకోటి బయటికి సాగింది. రవికె కుట్టు తెగినప్పటి చప్పుడు లాంటిదేదో వినిపించింది. అదేమిటో ఆమెకు తెలుసు. తెలియక చేసిన పనైతే తర్వాతి రోజుల్లో ఇంత బాధపడి ఉండేది కాదు. ఆమె దాన్ని వేలితో లోపలికి తోసి, మిగిలిన మాలను పొట్టిగా చేసి హెడ్‌లైటుకు చుట్టింది. తేజేశ్వర్ తిరిగొచ్చి తాళం తిప్పగానే గుండ్రటి మీటరులో ఏబీఎస్ అని రాసున్న నారింజ రంగు దీపం వెలిగింది. కదిలాక ఆరిపోతుందన్నాడు. పుస్తకంలో అట్లే రాసుంది. కదిలాక అది ఆరలేదు. ఆమె వెనక కూర్చుని అతని భుజం మీద గడ్డం ఆనించి, ఇంటికి పోయాక చెబుదాం అనుకుంది.

ఇంటి దగ్గర వాకిట్లో ముగ్గు, పళ్లెంలో హారతి, పక్కింటి వాళ్లు. అనసూయమ్మ కోడలి బుగ్గ మీద ఇంత పసుపు అద్ది, ఇంటికి లక్ష్మి వచ్చిన వేళావిశేషం, నలభై రోజులకే బండి వచ్చిందని పక్కింటావిడతో అంది. కర్నూల్లో పెద్దమ్మలు, పిన్నమ్మలు పెళ్లికి ముందు నెల రోజులు చెప్పిన మాటలు ఉదయశ్రీకి ఆ క్షణాన గుర్తొచ్చాయి. కొత్తలో ఏ వస్తువు చెడినా కోడలి అడుగు మీదికే తోస్తారు, జాగ్రత్త అని. లక్ష్మి అన్న నోటితోనే ఇంకో మాట వినాల్సి వస్తుందేమో అనుకుంది. రేపు చెబుదాం అనుకుంది.

శుక్రవారం పొద్దున తేజేశ్వర్ పిలిస్తే ఏసుకుమార్ ఇంటికే వచ్చాడు. ముందు చక్రం విప్పి గోనెసంచి మీద పెట్టాడు. ఉదయశ్రీ వంటింటి కిటికీలోంచి చూస్తోంది. ఏసుకుమార్ సన్నటి పట్టకారుతో చక్రం మధ్యలోంచి ఏదో కొంచెం కొంచెంగా తీసి గుడ్డలో పెట్టుకున్నాడు. గుడ్డ మడిచి జేబులో వేసుకున్నాడు. ఒకసారి తలెత్తి కిటికీ వైపు చూశాడు. ఆమె పక్కకు జరిగింది. వైరు లోపల తెగిందని, అది అతికేది కాదని, కొత్తది కడప నుంచి రావాలని చెప్పాడు. అప్పటిదాకా ఏబీఎస్ పనిచేయదు, మెల్లగా నడపాలి, ఇసుక మీద ముందు బ్రేకు వాడొద్దు అని తేజేశ్వర్‌కు రెండుసార్లు చెప్పి వెళ్లాడు.

శనివారం తేజేశ్వర్ మంగంపేటలో ఉన్న స్నేహితుడికి బండి చూపించడానికి పోయాడు. గనుల దారిలో టిప్పర్ల నుంచి రాలిన ముగ్గురాయి పొడి రోడ్డు మీద బూడిదరంగు పొరలా పరుచుకుని ఉంటుంది. ఒక టిప్పరు ఎదురొచ్చినప్పుడు ముందు బ్రేకు నొక్కాడు. చక్రం బిగుసుకుని జారింది. పెద్ద దెబ్బలు కాదు. అరచేయి చెక్కుకుపోయింది, మోచేతికి నాలుగు కుట్లు పడ్డాయి. నీటిబొట్టు ట్యాంకుకు కుడి పక్కన పిడికిలంత సొట్ట. ఆసుపత్రిలో ఉదయశ్రీ అతని పక్కన కూర్చుని కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుంది. వైరు తెంపింది నేనే అని చెప్పబోయింది. ఇప్పుడు చెబితే మూడు రోజులు ఎందుకు దాచావు అంటారు. గురువారం ఒక మాటతో పోయేది, శనివారానికి ఎంత చెప్పుకున్నా తీరనంత పెద్దదయింది.

సోమవారం వసంతకుమార్, షోరూం మెకానిక్కు ఒకతను బండి చూడటానికి వచ్చారు. ఆ మెకానిక్కు ఫోర్కు దగ్గర వంగి వైరును బయటికి లాగి చూపించాడు. ఇది దానంతటది తెగింది కాదు, ఎవరో చేత్తో గుంజారు అన్నాడు. బయటివాళ్లు ఎవరైనా చెయ్యి పెట్టారా అని వసంతకుమార్ అడిగాడు. శుక్రవారం ఏసన్న విప్పాడన్నాడు తేజేశ్వర్. దీపం అంతకు ముందు రోజే వెలిగిందని కూడా అన్నాడు కానీ, ఆ మాటను ఎవరూ పట్టించుకోలేదు. అతనూ మళ్లీ అనలేదు. ఏసుకుమార్‌కు ఫోన్ చేసి పిలిపించారు.

ఉదయశ్రీ ట్రేలో కాఫీ గ్లాసులు పెట్టుకుని నడవలోకి వచ్చేసరికి అతను వాకిట్లో నిలబడి ఉన్నాడు.

"ఏసన్నా, శుక్రవారం ఈ వైరు మీద నువ్వు చెయ్యి పెట్టినావా లేదా?" అని అడిగాడు తేజేశ్వర్.

"పెట్టినాను తేజప్పా."

అంతే. అందరూ ఇంకో మాట కోసం చూశారు. అతని చూపు తేజేశ్వర్ మీద నుంచి ట్రే మీదికి వచ్చి, అక్కడ కొంచెంసేపు ఆగి, కిందికి దిగింది. ఉదయశ్రీ నడవలోనే ఆగింది. అనసూయమ్మ వచ్చి ట్రే అందుకుంది. వారంటీలో ఉన్న బండిని అనుమతి లేకుండా విప్పినవాడికి కంపెనీ బోర్డు ఇవ్వలేమని, పైవాళ్లకు తాను జవాబు చెప్పుకోవాలని వసంతకుమార్ మర్యాదగానే చెప్పాడు. బండిని చిన్న లారీలో ఎక్కించుకుని కడపకు తీసుకుపోయారు. ఏసుకుమార్ లారీ వెనక పలక ఎత్తి మూయడానికి ఒక చెయ్యి వేసి, తర్వాత నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

మంగళవారం మధ్యాహ్నం కూరగాయల సంచి పట్టుకుని ఉదయశ్రీ రైల్వే గేటు దగ్గరికి పోయింది. షెడ్డులో కొత్త సిమెంటు నేల ఇంకా తెల్లగానే ఉంది. ఏసుకుమార్ స్పానర్లను నూనెగుడ్డతో తుడిచి, చిన్నవాటి నుంచి పెద్దవాటి దాకా వరసగా ఒక రేకుపెట్టెలో సర్దుతున్నాడు. ఆమెను చూసి స్టూలు తుడిచి జరిపాడు. ఆమె కూర్చోలేదు.

"ఏసన్నా, ఆ వైరు పీకింది నేను."

"తెలుసు పాపా."

అతను చేతిలోని స్పానరును దాని చోట్లో పెట్టాడు.

"చక్రం నిండా అరటినార సుట్టుకోని ఉండె. చామంతి రేకులు గూడా. ఇంక తెలీకేం?"

"మరి నిన్న ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏమయితాది? బండి ఇంటికొచ్చిన పూటే కొత్తకోడలు చెడగొట్టింది, మొగుడు కిందపడె అంటారు. ఆ మాట నీకు ఎన్నేండ్లయినా వదలదు. నాదేముందిలే. బోర్డు లేకపోయినా ఇన్నేండ్లు జరిగింది."

ఆమె ఇప్పుడే కడపకు ఫోన్ చేసి చెబుతానంది. అతను తల అడ్డంగా ఊపాడు. సర్వీస్ పాయింటు కోడూరులో ఇంకొకరికి ఇచ్చారట, పొద్దున తెలిసిందట. తనకు మంగంపేటలో టిప్పర్ల యార్డులో పని దొరికిందని, గురువారం నుంచి రమ్మన్నారని, టిప్పర్లయితే రోజూ పని ఉంటుందని చెప్పాడు. ఆమెను ఓదార్చడానికే అన్నట్టు చెప్పాడు. టిప్పరు టైర్లు విప్పే పనికి ఈ చిన్న స్పానర్లు ఎందుకూ పనికిరావని ఆమెకు అర్థమైంది. అందుకే పెట్టెలో సర్దుతున్నాడు.

ఆమె వెళ్లబోతుంటే అతను తల ఎత్తకుండానే అన్నాడు.

"నిన్న ట్రే పట్టుకోని నిలబడినావు గదా. చెప్తావేమో అని కొంచేపు సూసినా. ఏమీ అనుకోవద్దు. భయపడిందిలే అనుకున్యా."

ఆ మాటలో కోపం లేదు. ఉండి ఉంటే ఆమె దాన్ని పట్టుకుని ఏడ్చేది. ఖాళీ సంచితోనే ఇంటికొచ్చింది.

సాయంత్రం టీ వేళకు గోవిందయ్య అంగడి నుంచి వచ్చాడు. తేజేశ్వర్ కట్టు కట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. అనసూయమ్మ చేటలో కందిపప్పు ఏరుతోంది. ఉదయశ్రీ నిలబడే అంతా చెప్పింది. నందలూరు వంతెన, కాలు ఆనించి లాగడం, వైరును లోపలికి తోయడం, కిటికీ దగ్గర పక్కకు జరగడం, ట్రే. ఏదీ వదల్లేదు. చెప్పడం అయిపోయాక అనసూయమ్మ చేతులు చేటలో ఆగిపోయి ఉన్నాయి.

"మాల తీయొద్దన్యది ఎవరు?" అంది.

జవాబు కూడా తనే చెప్పింది.

"నేను. ఏసు తీయమన్యా, వద్దన్యది నేను. నువ్వు పీకకపోతే ఆ నార వైరును దారిలోనే తెంపుతా ఉండె. దీనికి నువ్వు నాకు భయపడితివా? నేనేమంటాననుకున్యావు పాపా?"

ఈ నలభై ఎనిమిది రోజుల్లో ఈమె తనను ఒక్క మాటన్న సందర్భం ఏదైనా ఉందా అని ఉదయశ్రీ వెతికింది. ముద్దయిన ఉగ్గాని తిని నవ్విన ముఖం ఒకటే కనిపించింది. తను భయపడిన అత్త ఈ ఇంట్లో లేదు. కర్నూలులో ఎవరెవరో కలిసి తయారుచేసి పంపిన మనిషి ఆమె. ఆ లేని మనిషికి భయపడి ఏసుకుమార్ బోర్డును పోగొట్టింది.

తేజేశ్వర్ చాలాసేపు అరచేతి కట్టు వైపు చూశాడు. భార్య వైపు చూడలేదు. చివరికి తండ్రితో మాట్లాడుతున్నట్టుగా, "చెయ్యి పెట్టినావా అని అడిగినా గానీ, ఏం సూసినావని అడగల్యా నేను. దీపం ముందే వెలిగిందని తెలుసు. గట్టిగా చెప్పల్యా. కిందపడిన కోపం ఎవురి మీదనో తీర్చుకోవల్ల గదా," అన్నాడు.

గోవిందయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. కోడూరులో ఇచ్చేశారంటున్నారు కదా, ఇప్పుడు పోయి చెబితే మాత్రం ఆ బోర్డు తిరిగి వస్తుందా అన్నాడు. అది నిజమేనని అందరికీ తెలుసు.

"రాకపోవచ్చు," అంది అనసూయమ్మ. చేట పక్కకు పెట్టి లేచింది. "అయినా ఆయప్పను మన వాకిట్లో నిలబెట్టి అడిగినాం. మనం ఆయప్ప వాకిట్లో నిలబడి చెప్పొద్దా? రేపు పొద్దున ఏడుకు రైల్వే గేటు కాడికి పోదాం. వస్తానంటే ఆయప్పను కూడా పిల్చుకోని కడపకు పోదాం. రానంటే మనమే పోదాం. మాల సంగతి నేను చెప్తా."

"వైరు సంగతి నేను చెప్తా అత్తా. ముందు నేనే చెప్తా," అంది ఉదయశ్రీ.

తేజేశ్వర్ ఎడమ చేత్తో ఫోన్ తీసి, వసంతకుమార్ నంబరు వెతికాడు. అవతల ఎత్తగానే, రేపు పది గంటలకు వస్తున్నామని చెప్పాడు. ట్యాంకు ఇంకా రాలేదని, బండి తయారు కావడానికి వారం పడుతుందని అవతలి గొంతు అనడం గదిలో అందరికీ వినిపించింది.

"బండి కోసం కాదు సార్," అన్నాడు తేజేశ్వర్. "రేపు పదికి ఉండండి. మా ఇంటోళ్లందరం వస్తాండాం."